ప్రాజెక్టులు పంచేముందు, అమ్మలూ

అమ్మలూ,

మీ కాలేజీలో మూడో సంవత్సరం పిల్లలకి మెంటర్లని పెట్టి, ఎవరైనా కోడ్ చూసి దిద్దగల ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు చేయించబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత గర్వంగా అనిపించిందో! రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఎవరికి ఏ ప్రాజెక్టు ఇస్తావన్న దగ్గరే వాళ్లు నిలబడేదీ, మానేసేదీ తేలిపోతుంది.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. ప్రతి ప్రాజెక్టు పక్కన ఏ లాంగ్వేజ్ రావాలో, ఎంత కష్టమో, ఎన్ని గంటల పనో రాయించు. కొత్తవాళ్లతో ఓపెన్ సోర్స్ పని చేయించే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లో ఇప్పుడు ప్రాజెక్టులకి 90, 175, 350 గంటలని మూడు సైజులున్నాయి. సెమిస్టర్ నడుస్తుండగా మీ పిల్లల్ని 90 దాటనివ్వకు. ఒక్కో మెంటర్‌కి ఇద్దరే.

ఇక నా భయం చెప్తాను. నేను మెంటర్‌గా వెళ్లిన ఒక కాలేజీలో, బిగినర్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్‌లో మీరేదో టిక్కు పెట్టండని ఫారం ఇచ్చారు. దానికి మార్కుల లిస్టు కలిపి ఒక్క పూటలో పంచేశారు. తొందరొద్దన్నాను, టైమ్ లేదన్నారు. అడ్వాన్స్‌డ్ అని పెట్టిన ఒక అబ్బాయికి కంపైలర్ పని దక్కింది, అంటే మనం రాసిన ప్రోగ్రాముని మెషీన్ భాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్ మీద పని. పరీక్షల్లో ప్రోగ్రాములు చకచకా రాసేవాడే, కానీ ఇంకొకరు రాసిన కోడ్ ఎప్పుడూ చదివినవాడు కాదు. అన్నేసి ఫైళ్లు చూసేసరికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. అడిగినప్పుడల్లా "చేస్తున్నా మేడమ్" అనేవాడు. తర్వాత మెసేజ్‌లకి జవాబు లేదు. ఆ తర్వాత క్లాసులకీ రాలేదు. వాళ్ల నాన్న ఫోన్ చేసి, "మావాడేం తప్పు చేశాడమ్మా?" అని అడిగారు. వాడేం తప్పు చెయ్యలేదని ఆయన్ని నమ్మించడానికి చాలాసేపు పట్టింది.

అదే బ్యాచ్‌లో శ్రీకాకుళం వైపు అమ్మాయి ఒకతి. పదో తరగతి దాకా తెలుగు మీడియం. బిగినర్ అని టిక్కు పెట్టింది కదాని డాక్యుమెంటేషన్‌లో అక్షరదోషాలు దిద్దమన్నారు. ఇట్టే ముగించేసి, ఇంకో పని అడగడానికి మొహమాటపడి ఖాళీగా కూర్చుంది. ఒకరోజు ల్యాబ్‌లో చూద్దును కదా, ఎవరూ చెప్పకుండానే ఫెయిలైన టెస్టు లాగ్ తెరిచి, ఏది ఎక్కడ తప్పుతోందో కాగితం మీద వరసగా రాసుకుంటోంది! ఆ కంపైలర్ పనికి కావలసిన ఓపిక అదే. ఆడపిల్లలు తమని తక్కువ చేసి రాసుకుంటారమ్మా. ఎంసెట్ రాసొచ్చి "ఏదో రాశాన్లే పెద్దమ్మా" అని మూల కూర్చున్నదానివి, నీకు నేను చెప్పాలా?

అందుకని స్థాయి ఎంతని వాళ్లని అడక్కు, పని ఇచ్చి చూడు. ఓపెన్ సోర్స్‌లో ఇంటర్న్‌షిప్‌లు ఇచ్చే అవుట్‌రీచీ వాళ్లు ఇంటర్న్‌ని ఎంచుకునేముందు దరఖాస్తు పెట్టినవాళ్లతో అసలు ప్రాజెక్టులోనే చిన్న చిన్న పనులు చేయిస్తారు. నువ్వూ రెండు వారాలు తీసుకో. కోడ్ తెచ్చుకుని తన ల్యాప్‌టాప్‌లో నడపాలి. కొత్తవాళ్లు మొదలుపెట్టడానికి అనువైనదని 'గుడ్ ఫస్ట్ ఇష్యూ' గుర్తు పెట్టిన బగ్ ఒకటి దిద్దాలి. అంతే చాలు. ఇరుక్కున్నప్పుడు ఏమడుగుతున్నారో గమనించు. "రావట్లేదు మేడమ్" అని ఆగిపోయేవాళ్లకి, మెంటర్ తరచూ దగ్గర కూర్చోగల ప్రాజెక్టు ఇవ్వు. "ఈ ఎర్రర్ వచ్చింది, ఇలా చేసి చూశాను" అనేవాళ్లకి మార్కులు తక్కువున్నా ఒక మెట్టు పైది ఇవ్వు. చాట్‌జీపీటీతో రాయించి తెస్తే కోప్పడకు, ఏ లైను ఎందుకుందో నోటితో చెప్పించు.

నెల తిరిగేలోగా ప్రాజెక్టు మార్చుకోవచ్చని, మార్చుకుంటే మార్కులు తగ్గవని మొదటిరోజే అందరి ముందూ చెప్పు. వారం రోజులు ఎవరి కబురూ లేకపోతే మెసేజ్ పెట్టి ఊరుకోకు, హాస్టల్‌కి వెళ్లి పలకరించు. ఇది మాత్రం వాయిదా వేశావో, నేనే బస్సెక్కి వచ్చి తిడతాను! ఈ హడావిడిలో నువ్వు మధ్యాహ్నం అన్నం మానేస్తున్నావట. వేళకి తిను తల్లీ.

మెంటర్ల లిస్టులో నా పేరూ రాసుకో. శని, ఆదివారాల సాయంత్రాలు నాకు ఖాళీయే, పైథాన్ పని ఏదైనా పరవాలేదు. ఇద్దర్ని ఇవ్వు. నోరు తెరిచి ఏమీ అడగని పిల్లలెవరో చూసి, వాళ్లనే నాకివ్వు.

మీ పెద్దమ్మ