రెక్క మొగ్గలు కొవ్వులో కలిసిపోతున్నాయా?

ప్రశ్న: డ్రోసోఫిలా (పండ్ల ఈగ) లార్వాలోనే రెక్కల డిస్కులు, అంటే తర్వాత రెక్కలుగా ఎదిగే కణాల మొగ్గలు, ఉంటాయని చదివాం. లాలాజల గ్రంథుల ప్రాక్టికల్‌లో చేసినట్టే నోటి కొక్కేలు పట్టి లాగితే కొవ్వు తప్ప ఏమీ కనబడటం లేదు. వీపు మీది వెంట్రుకలు ప్రతి ఈగలోనూ అవే చోట్ల ఎలా మొలుస్తాయి?
– బీఎస్సీ విద్యార్థిని, తార్నాక, హైదరాబాద్

జవాబు: చిక్కంతా ఆ లాగడంలోనే ఉందమ్మా. గ్రంథులు నోటి వెంట వచ్చేస్తాయి. రెక్క డిస్కులు ముందు భాగంలో రెండు పక్కలా శ్వాసనాళాన్ని అంటుకుని ఉంటాయి కాబట్టి తెగి లోపలే మిగిలిపోతాయి.

తిండి మానేసి సీసా గోడ ఎక్కిన లార్వానే తీసుకోండి. 25 డిగ్రీల దగ్గర గుడ్డు పెట్టిన అయిదో రోజుకి ఆ దశ వస్తుంది. మన మే నెల ఎండకి గది 30 దాటితే మగ ఈగల సంతానశక్తి పడిపోతుంది, సీసాలో లార్వాలే ఉండవు. 100 మి.లీ. నీటికి 0.7 గ్రాముల ఉప్పు కలిపి, అందులో లార్వాను సగానికి కోసి, ముందు సగాన్ని దిండు గలీబులా తిరగేయండి. ఉత్త నీళ్లలో కణాలు ఉబ్బి డిస్కు పాడవుతుంది. పేగు, కొవ్వు తీసేసి శ్వాసనాళం వెంట వెతకండి. కొవ్వు తెల్లగా, దట్టంగా ఉంటుంది. డిస్కు పారదర్శకంగా, మడతలతో ఉంటుంది. గుండ్రటి భాగం రెక్క అవుతుంది, సన్నటి కొన వీపు.

వెంట్రుకల సంగతి. అకీట్, స్క్యూట్ జన్యువులు డిస్కులో కొన్ని చోట్ల కణాల గుంపులకు ‘వెంట్రుక కాగల’ అర్హతనిస్తాయి. గుంపులో ముందడుగు వేసిన కణం డెల్టా ప్రొటీన్‌తో పక్కవాటి మీద ఉండే నాచ్ అనే గ్రాహక ప్రొటీన్‌ను తట్టి వాటిని ఆపేస్తుంది. గెలిచిన కణం విభజన చెందుతూ వెంట్రుక, దాని కుదురు, న్యూరాన్ (నాడీకణం), న్యూరాన్ తొడుగు ఇస్తుంది. ఈ పంపకంలోనూ నాచ్‌దే పెత్తనం. అందుకే నాచ్ ముందే, గుంపులో కణం ఎంపిక వేళ, తగ్గితే వెంట్రుకలు గుత్తులుగా వస్తాయి, విభజనల వేళ తగ్గితే న్యూరాన్లు పెరిగి పైన బోడిగా ఉంటుంది. ఈ రెండో ఫలితాన్నే పరీక్షల్లో చాలామంది తిరగేసి రాస్తారు. నాచ్ జన్యువు ఒక కాపీ చెడితే రెక్క అంచున గంట్లు పడతాయి.

రెక్క పలక నిండా ఉండే సన్నటి నూగును మాత్రం వీటితో కలపకండి. దానికి న్యూరాన్ లేదు; కణానికొకటి చొప్పున, కొనవైపు వాలి మొలుస్తుంది. ఎదిగిన ఈగ రెక్కను స్లైడు మీద పరచి ఆ నూగు లెక్కపెడితే కణాల లెక్క వచ్చేస్తుంది.