34 పేర్లలో లేని పేరు

చిన్నీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. "మళ్ళీ మెడికల్ స్కూళ్ళకి అప్లై చేస్తుందట, నువ్వైనా దానికి చెప్పు" అన్నాడు. ఏం చెప్పమంటావన్నయ్యా అంటే సమాధానం లేదు. మానేయమనాలో, భేష్ అనాలో ఆయనకే తెలియదు. నిజం చెప్పాలంటే ఫోన్ పెట్టేశాక నాకూ తెలియలేదు. కాసేపు గర్వంగా అనిపించింది, తర్వాత కడుపులో దిగులు మొదలైంది. నీకు తెలుగు చదవడం నేర్పింది నేనే కాబట్టి ఇది తెలుగులోనే రాస్తున్నా. ఇంగ్లీషులో తిడితే తిట్టినట్టు ఉండదు.

నువ్వు పంపిన షీట్ చూశాను. 34 స్కూళ్ళు, ఒక్కోదానికి ఒక్కో రంగు. ఆ రంగులు వేసిన ఓపికలో సగం పెట్టి, ఒక్కో స్కూలు విడిగా అడిగే సెకండరీ వ్యాసాలు రాస్తే ఎంత బాగుండు. సరే, నన్ను నిద్రపోనివ్వనివి రెండు. ఒకటి 34వ వరుసలో ఉన్న పేరు. రెండోది అసలు షీట్‌లోనే లేని పేరు.

అందరూ చెప్పేవి ముందు చెప్పేస్తాను. ఎండీ స్కూళ్ళ ఉమ్మడి అప్లికేషన్ యామ్‌కాస్ మే మొదట్లో తెరుచుకుంటుంది, మే ఆఖరి వారం నుంచి సబ్మిట్ చేయనిస్తారు, జూన్ ఆఖర్లో ఫైళ్ళు స్కూళ్ళకి వెళ్ళడం మొదలవుతుంది. నువ్వు నిరుడు సెప్టెంబర్లో పంపావు. చాలా స్కూళ్ళు వచ్చిన ఫైళ్ళు వచ్చినట్టు చూసి ఇంటర్వ్యూలకి పిలిచేస్తాయి. మూడో బంతి కూడా లేచాక వచ్చి గారెలు ఉన్నాయా అని అడిగినట్టయింది నీ పని. ఈసారి జూన్ మొదటి వారం దాటితే నాతో మాట్లాడకు.

ప్రవేశ పరీక్ష ఎంక్యాట్‌లో 509 ఉంది కదా, టెన్షన్‌తో మళ్ళీ రాయకు. ప్రాక్టీస్ టెస్టుల్లో వరసగా నాలుగైదు మార్కులు ఎక్కువ వస్తుంటే అది వేరే సంగతి. మళ్ళీ రాసి 507 వస్తే ఆ 507 కూడా అందరికీ కనిపిస్తుంది. ఇప్పుడున్న స్కోరు ఎన్నేళ్ళు చెల్లుతుందో మాత్రం ప్రతి స్కూలు సైట్‌లోనూ చూసుకో. రెండేళ్ళు అనేవాళ్ళున్నారు, మూడేళ్ళు అనేవాళ్ళున్నారు.

ఇక జీపీఏ. నీ 3.38 చూసి నువ్వు ఏడ్చినంత అడ్మిషన్ కమిటీలో ఎవరూ ఏడవరు. లెక్క వేసి చూడు: 120 క్రెడిట్లకి 3.38. ఇంకో ఏడాది కూర్చుని 30 క్రెడిట్లు చదివి అన్నిట్లోనూ ఏ తెచ్చుకున్నా 3.50 దగ్గర ఆగుతుంది. మాస్టర్స్ చేస్తే ఆ మార్కులు గ్రాడ్యుయేట్ జీపీఏగా విడిగా కనిపిస్తాయి తప్ప ఈ 3.38తో కలవవు. అంచేత మొత్తం సంఖ్య వెంట పరిగెత్తకు. నీ ట్రాన్‌స్క్రిప్ట్‌లో చదివేవాళ్ళకి కనిపించేది మొదటి రెండేళ్ళ గుంట, తర్వాత రెండేళ్ళ ఎక్కుడు. ఆ ఎక్కుడు నిజమేనని చూపించడానికి కష్టమైన సైన్స్ కోర్సులు రెండు, ఈ వేసవిలో ఒకటి, శరదృతువులో ఒకటి తీసుకో, చాలు. ఆర్గానిక్ కెమిస్ట్రీ మళ్ళీ చదివితే పాత సీ మైనస్ పోతుందని ఎవరో చెప్పారన్నావు. పోదు. యామ్‌కాస్ ఎప్పుడూ రెండు గ్రేడ్లూ లెక్కేస్తుంది. డీఓ, అంటే ఆస్టియోపతిక్ కాలేజీల ఉమ్మడి అప్లికేషన్ ఏకోమాస్‌లో ఒకప్పుడు కొత్త గ్రేడే లెక్కలోకి వచ్చేది, నాకు ఆ అదృష్టం కలిసొచ్చింది కూడా. 2017లో వాళ్ళూ తీసేశారు. నా వయసువాళ్ళు చెప్పే సలహాల్లో ఇలాంటి గడువు తీరిన మందులు ఉంటాయి, చూసి మింగు.

ఇప్పుడు లేని పేరు సంగతి.

జనవరిలో నిన్ను ఇంటర్వ్యూకి పిలిచింది ఒక్క స్కూలు. వెయిట్‌లిస్ట్‌లో పెట్టింది, తర్వాత కాదంది. 34 పేర్లు రాసినదానివి ఆ స్కూలు పేరు రాయలేదు. మర్చిపోయావని నేను అనుకోను. ఎందుకు రాయలేదో నాకు తెలుసు, ఎందుకంటే నేనూ సరిగ్గా అదే చేశాను.

నేను మొదటిసారి అప్లై చేసింది 2002లో. 14 స్కూళ్ళకి పంపితే మన ఓహాయోలోనే ఒక స్కూలు పిలిచింది. మీ తాతయ్య కారులో తీసుకెళ్ళి, బయట పార్కింగ్‌లో నాలుగు గంటలు కూర్చున్నారు. వెయిట్‌లిస్ట్ అన్నారు. ఆ వేసవంతా నేను ఫోన్ పక్కనుంచి కదల్లేదు. ఆగస్టులో ఉత్తరం వచ్చింది. మొదటి వాక్యంలో 'చింతిస్తున్నాం' అనే మాట చూశాను, మడిచి కవర్లో పెట్టేశాను. చించలేదు, పారేయలేదు. మా అమ్మ చీరల బీరువాలో అడుగున పెట్టి, ఆ ఊరి వైపు మళ్ళీ తిరిగి చూడనని ఒట్టు పెట్టుకున్నాను. అప్పటికి నాకు అది ఆత్మగౌరవం అనిపించింది.

ఏడాది ఆగి 2004లో మళ్ళీ మొదలుపెట్టాను. 14 సరిపోలేదు కాబట్టి ఈసారి 31. ఆ ఒక్క స్కూలూ తప్ప. అందులో సగానికి పైగా వేరే రాష్ట్రాల ప్రభుత్వ యూనివర్సిటీలు. ఎందుకంటే ఫీజు తక్కువ అని రాసి ఉంది! ఆ తక్కువ ఫీజు వాళ్ళ రాష్ట్రం పిల్లలకి అని పక్క గడిలోనే ఉంది. అప్పట్లో మెడికల్ స్కూళ్ళ వివరాలుండే ఎంసార్ అచ్చు పుస్తకం, లైబ్రరీ నుంచి తెచ్చుకున్నాను. ఒక్కో స్కూలుకీ రాష్ట్రం వాళ్ళు ఎంతమంది చేరారు, బయటివాళ్ళు ఎంతమంది అని పట్టిక ఉండేది. నేను ఆ పట్టిక చదవలేదు. పేర్లు చదివాను. విందుల్లో ఎవరైనా "ఎక్కడమ్మా?" అని అడిగితే చెప్పుకోవడానికి బాగుండే పేర్లు. 31 చోట్ల నుంచీ ఒక్క ఇంటర్వ్యూ రాలేదు. రెండు ఉద్యోగాలు చేసి కూడబెట్టిన డబ్బు సెకండరీ ఫీజులకే పోయింది.

2005 ఏప్రిల్లో, మీ నాయనమ్మ ఏదో పెళ్ళికి పట్టుచీర కోసం వెతుకుతుంటే ఆ కవరు బయటపడింది. "ఇదేమిటే?" అని నా చేతిలో పెట్టింది. అప్పుడు చదివాను రెండో పేరా. నాలుగే వాక్యాలు. మీ ఫైలు మాకు నచ్చింది, కావాలంటే ఫోన్ చేయండి, ఎక్కడ తగ్గిందో చెప్తాం, మళ్ళీ అప్లై చేయమని ప్రోత్సహిస్తున్నాం. కింద ఒక నంబరు.

దాదాపు రెండేళ్ళు ఆ నంబరు చీరల కింద ఉంది చిన్నీ.

ఫోన్ చేశాను. ఎత్తినావిడ ఎంతో మర్యాదగా మాట్లాడింది. నా ఫైలు తీసి, బయోకెమిస్ట్రీ తీసుకుని మంచి గ్రేడ్ చూపించమని కమిటీ రాసుకుందని చెప్పింది. "పోయిన సంవత్సరం మీ అప్లికేషన్ వస్తుందనుకున్నాం" అని కూడా అంది. ఆ మాట ఇప్పటికీ అప్పుడప్పుడూ క్లినిక్‌లో చేతులు కడుక్కుంటుంటే గుర్తొస్తుంది. బయోకెమిస్ట్రీ చదివాను, ఏ వచ్చింది, ఆ వేసవి వాళ్ళకి మళ్ళీ పంపాను. ఈసారి పిలవలేదు. కమిటీలో మనుషులు మారి ఉంటారు, లేదా మధ్యలో రెండేళ్ళు కనపడకపోతే ఆసక్తి లేదనుకుని ఉంటారు. ఎందుకో నేను అడగలేదు. అడిగే హక్కు బీరువాలోనే పోగొట్టుకున్నాను.

అందుకని నీకొచ్చిన ఈమెయిల్ తెరువు. చివరిదాకా చదువు. ఫీడ్‌బ్యాక్ ఇస్తామని లేకపోయినా ఫోన్ చేసి అడుగు, "ఇవ్వం" అంటే నష్టం ఏముంది? ఆ స్కూలు పేరు షీట్‌లో మొదటి వరుసలో పెట్టు. అందరిలోకీ నిన్ను ఎదురుగా కూర్చోబెట్టి చూసినవాళ్ళు వాళ్ళే. పాత వ్యాసాలే పంపకు మాత్రం. నిరుటికీ ఇప్పటికీ ఏం మారిందని అడుగుతారు, చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలి.

మిగతా లిస్టు సంగతి. ఇప్పుడు ఎంసార్ ఆన్‌లైన్లో ఉంది, డబ్బు కట్టి తీసుకో, నేను పంపిస్తా. ప్రతి స్కూలుకీ రాష్ట్రం వాళ్ళు, బయటివాళ్ళు ఎంతమంది చేరారో ముందు చూడు. సగటు జీపీఏ తర్వాత. టెక్సస్ ప్రభుత్వ స్కూళ్ళలో 90 శాతం సీట్లు చట్టప్రకారం టెక్సస్ వాళ్ళవే. మిసిసిపీ యూనివర్సిటీ మెడికల్ స్కూలు దాదాపుగా తమ రాష్ట్రం వాళ్ళనే తీసుకుంటుంది. సియాటిల్లో ఉన్న వాషింగ్టన్ యూనివర్సిటీ స్కూలు వాషింగ్టన్, వ్యోమింగ్, అలాస్కా, మోంటానా, ఐడహో పిల్లల కోసం చూస్తుంది. ఈ మూడు రకాలూ నీ షీట్‌లో ఆకుపచ్చ రంగులో ఉన్నాయి! తీసేయ్. ఓహాయోలో పుట్టి పెరిగి నువ్వు టొలీడో, సిన్సినాటి, డేటన్లో రైట్ స్టేట్, రూట్స్‌టౌన్లో నియోమెడ్ వీటిని కింద పెట్టావేమిటి? రాష్ట్రంలో ఇన్ని ప్రభుత్వ స్కూళ్ళు ఉండటం ఎంత పెద్ద వరమో వేరే రాష్ట్రం పిల్లల్ని అడుగు.

డీఓ స్కూళ్ళు రెండే రాశావు. ఎందుకని అడగను. నేను మన ఓహాయో ఏథెన్స్‌లో ఆస్టియోపతిక్ కాలేజీలో చేరతానంటే మీ తాతయ్య "ఎముకలు కట్టే వైద్యమా?" అన్నారు. చివరి పదేళ్ళూ ఆయన బీపీ చూసింది నేనే. చదువయ్యాక హాస్పిటల్లో చేసే శిక్షణ, అదే రెసిడెన్సీ, దాని సీట్లు పంచే మ్యాచ్ 2020 నుంచి ఎండీలకీ డీఓలకీ ఒకటే. కనీసం ఎనిమిది పెట్టు. కొన్ని స్కూళ్ళు డీఓ డాక్టరు నుంచి సిఫార్సు ఉత్తరం అడుగుతాయి. నేను చుట్టాన్ని, నేను రాయకూడదు. మా క్లినిక్‌లో ఇంకో డాక్టరుతో మాట్లాడాను, వచ్చే నెల నుంచి గురువారాలు వచ్చి ఆమె వెనకాల తిరుగు.

34వ వరుస. కరీబియన్ స్కూలు, పక్కన "బ్యాకప్" అని రాశావు. దీని గురించి నేను న్యాయంగా మాట్లాడలేను, ముందే చెప్తున్నా. నా కాలేజీ స్నేహితురాలు ఒకతె, నాకన్నా తెలివైనది, 2003లో ఒక ద్వీపానికి వెళ్ళింది. ఇంటర్వ్యూ అయిన వారానికే సీటు ఇచ్చేశారని సంబరపడ్డాం. చదువు పూర్తి చేసింది, పరీక్షలు పాసైంది, రెండుసార్లు మ్యాచ్ కాలేదు. ఇప్పుడు ఇన్సూరెన్స్ ఫైళ్ళు చూసే ఉద్యోగం చేస్తోంది, అప్పు ఇంకా తీరలేదు. బాగుపడ్డవాళ్ళు లేరా అంటే బోలెడుమంది ఉన్నారు, మా హాస్పిటల్లోనే ఉన్నారు. కానీ అంకెలు చూడు. 2025 మ్యాచ్‌లో ఇక్కడి ఎండీ, డీఓ సీనియర్లలో 90 శాతం పైనే మందికి రెసిడెన్సీ దొరికింది. బయట చదివొచ్చిన అమెరికా పౌరుల్లో 68 శాతం లోపే. పైగా అది చివరిదాకా నిలిచినవాళ్ళ లెక్క, మధ్యలో రాలిపోయినవాళ్ళు అందులో ఉండరు. 2022 నుంచి లైసెన్స్ పరీక్షల్లో మొదటిదైన స్టెప్ వన్‌కి మార్కులు లేవు, పాస్ ఫెయిలే. బయటి స్కూలు పిల్లలు ఒకప్పుడు పెద్ద స్కోరు చూపించి నెగ్గుకొచ్చేవాళ్ళు, ఆ దారి ఇరుకైంది. బ్యాకప్ అని పేరు పెట్టినంత మాత్రాన అది బ్యాకప్ అయిపోదు.

అప్పు సంగతి కూడా. 2026 జులై 1 నుంచి కొత్తగా తీసుకునేవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే గ్రాడ్ ప్లస్ లోన్లు లేవు. మెడిసిన్‌కి ప్రభుత్వం ఇచ్చే అప్పు ఏడాదికి 50 వేల డాలర్లు, మొత్తం 2 లక్షలు, అంతే. ఖరీదైన ప్రైవేటు స్కూళ్ళకి అది చాలదు, మిగతాది బ్యాంకు దగ్గర వాళ్ళు అడిగిన వడ్డీకి తేవాలి. షీట్‌లో ఇంకో గడి చేర్చి నాలుగేళ్ళ ఖర్చు రాయి. మీ నాన్న ఇల్లు తాకట్టు పెడతానంటాడు, ఒప్పుకోకు.

ఇంకొకటి, రాయాలా వద్దా అని రెండుసార్లు లేచి తిరిగాను. నీ మొదటి రెండేళ్ళ గుంట దేనివల్లో మన ఇంట్లో అందరికీ తెలుసు. వదినకి కీమో జరిగిన ఏడాది ప్రతి శుక్రవారం నువ్వు మూడు గంటలు డ్రైవ్ చేసుకుని వచ్చేదానివి, ఆదివారం రాత్రి వెళ్ళేదానివి. నీ వ్యాసం మొత్తం వెతికాను, ఆ ముక్క ఎక్కడా లేదు. సాకు చెప్పినట్టు ఉంటుందని మానేశావు కదూ? యామ్‌కాస్‌లో దీనికోసమే 1,325 అక్షరాల చోటు ఉంది. ఏడవకుండా, పొడిగా, ఏం జరిగింది, ఎన్నాళ్ళు, ఆ తర్వాత మార్కులు ఎలా లేచాయి అని రాయి. అమ్మకి ముందు చూపించు. ఆమె ఒప్పుకుంటేనే పంపు.

ఆదివారం మధ్యాహ్నం వస్తున్నాను. లాప్‌టాప్ ఛార్జింగ్‌లో పెట్టి ఉంచు, ఆ జనవరి స్కూలు ఈమెయిల్ నేను వచ్చేదాకా తెరవలేకపోతే అలాగే ఉంచు, పక్కన కూర్చుంటాను. నా పాత ఉత్తరం కూడా తెస్తున్నా, ఇంకా ఆ కవర్లోనే ఉంది. 34వ వరుస మాత్రం నేను వచ్చేలోపు తీసేయ్.

నీ
అత్త

షీట్‌లో క్లీవ్‌లాండ్ స్పెల్లింగ్ రెండుచోట్ల తప్పు. అప్లికేషన్లో అలా రాయలేదు కదా?