విటమిన్ డి వేస్తే పిల్లాడి దురద పోతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబుకి నాలుగేళ్లు. పాలు, గుడ్డు పడవు, టెస్టుల్లో కూడా తేలింది. మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక ఎగ్జిమా. రాత్రంతా గోకుతూనే ఉంటాడు, దుప్పటికి రక్తపు మరకలు. రక్తపరీక్షలో విటమిన్ డి 14 వచ్చింది. పక్క ఫ్లాట్ ఆవిడ, వాళ్లాయన వాడే 60,000 యూనిట్ల విటమిన్ డి సాచెట్ వారానికొకటి వేస్తే ఎగ్జిమా కూడా పోతుందంటున్నారు. మా అత్తగారేమో సున్నిపిండితో రుద్ది, పొద్దున్నే ఎండలో కూర్చోబెడితే చాలంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, మియాపూర్

జవాబు: అమ్మా, ఆ సాచెట్ మాత్రం వేయకండి. బాబుకి విటమిన్ డి కావాలి, నిజమే. 20 కంటే తక్కువ వచ్చిందంటే లోటు ఉన్నట్టే. కానీ ఈ వయసులో రోజుకు కావలసింది 600 యూనిట్లు. ఆ ఒక్క సాచెట్‌లో వంద రోజులకు సరిపడా ఉంది! అడిగేవాళ్లు లేకుండా వారం వారం వేస్తూ పోతే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, తీరని దాహం మొదలై కిడ్నీల దాకా వస్తుంది. ఎంత, ఎన్ని వారాలు అన్నది మీ పిల్లల డాక్టరు రాయాలి, తర్వాత మళ్లీ పరీక్ష చేయించాలి. చుక్కల మందు కొనేటప్పుడు అట్టపెట్టె మీద ఏమేం కలిపారో చదవండి. కొన్నింటిలో పల్లీ నూనె, సోయా నూనె వాడతారు.

ఇక దీంతో ఎగ్జిమా పోతుందా? చర్మం క్రిములను తట్టుకోవడానికి విటమిన్ డి తోడ్పడుతుంది, అందుకే ఆ ఆశ. 2014లో వెలువడిన ఒక పరిశోధనలో, మంగోలియాలో చలికాలంలో ఎగ్జిమా ముదిరే పిల్లలకు నెలరోజులు రోజుకు 1000 యూనిట్లు ఇస్తే కొంత ఉపశమనం కనిపించింది. అక్కడ శీతాకాలంలో ఎండే కరువు. మిగతా చోట్ల ఫలితాలు ఒక్క తీరుగా లేవు. కాబట్టి ఎముకల కోసం, లోటు తీరడం కోసం వేయండి. దురద తగ్గితే సంతోషమే, కానీ దాన్నే నమ్ముకుని క్రీములు ఆపొద్దు.

అత్తగారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, సున్నిపిండి వద్దు. పగిలిన చర్మాన్ని అది ఇంకా గీరుతుంది. పైగా తెగిన చర్మం గుండా పప్పుల ప్రోటీన్ లోపలికి పోతే కొత్త అలర్జీకి దారితీయవచ్చు. పల్లీల విషయంలో ఇది బాగా గమనించిన సంగతి. పల్లీ నూనె, నువ్వుల నూనె మర్దనా కూడా ఆపండి. గోరువెచ్చని నీళ్లతో పది నిమిషాల్లోపే స్నానం ముగించి, తువ్వాలుతో రుద్దకుండా అద్ది, ఒళ్లు తడిగా ఉండగానే వాసన లేని చిక్కటి మాయిశ్చరైజర్ ఒళ్లంతా రాయండి. చేత్తో తాకితే జారేంత రాయాలి. చిన్న ట్యూబు నెలంతా వస్తోందంటే మీరు రాసేది చాలడం లేదన్నమాట. మీ వైపు బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు అయితే సబ్బు తగ్గించండి. ఎర్రబడ్డ చోట డాక్టరు రాసిచ్చిన స్టెరాయిడ్ క్రీమును, చెప్పినన్నాళ్లు రాయండి. దానికి జంకి మధ్యలో మానేసిన ఇళ్లలోనే పిల్లలు ఎక్కువ రాత్రులు ఏడవడం నేను చూస్తుంటాను.

పొద్దున ఏడింటి ఎండలో విటమిన్ డి పెద్దగా తయారుకాదు, బాల్కనీ అద్దం వెనక అసలే కాదు. నీడ మనిషికన్నా పొట్టిగా పడే వేళ, చేతులూ కాళ్లూ బయట పెట్టి కాసేపు ఆడనివ్వండి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం బలవంతం చేయకండి, చెమటకు దురద రెచ్చిపోతుంది.

పాలు లేవు కాబట్టి కాల్షియం సంగతీ చూడాలి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. జావ చేసి పెట్టండి, మజ్జిగ కలపకుండా. దురద తగ్గలేదని గోధుమ, చేప, వేరుశనగ అంటూ ఒక్కొక్కటే మాన్పించకండి. పడుతున్నదాన్ని ఊరికే ఆపేస్తే తర్వాత అదే పడకుండా పోవచ్చు. పాలు, గుడ్డు మళ్లీ ఎప్పుడు పెట్టి చూడాలో అలర్జీ డాక్టరును అడగండి. ఆ ప్రయత్నం ఆసుపత్రిలోనే, ఇంట్లో కాదు. ఎగ్జిమా మీద పసుపు పచ్చ పొక్కు కట్టి రసి కారినా, జ్వరం వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆ రోజే తీసుకెళ్లండి.