మాల్దీవుల్లో నాలుగు రాత్రులకు ఏ రిసార్ట్ మంచిది?

పేర్ల సంగతి పక్కన పెట్టండి. ముందు మీ విమానం రాజధాని మాలేలో ఎన్నింటికి దిగుతుందో చూడండి. మాల్దీవుల్లో దాదాపు ఒక్కో రిసార్ట్‌కి ఒక్కో దీవి. మాలే పక్కనున్న వెలానా ఎయిర్‌పోర్ట్ నుంచి ఆ దీవికి ఎలా చేరతారన్నది తేల్చుకోకుండా గది ఫొటోలు చూసి డబ్బు కట్టేయడమే అందరూ చేసే పొరపాటు.

దూరపు రిసార్ట్‌లకు సీప్లేన్‌లో వెళ్లాలి. నీళ్ల మీద దిగాలంటే పైలట్‌కి అలలు, పడవలు కంటికి కనబడాలి కాబట్టి అది పగలే ఎగురుతుంది. మధ్యాహ్నం మూడున్నర దాటాక మాలేలో దిగితే ఆ రోజుకి సీప్లేన్ లేదనే అనుకోండి. ఆ రాత్రి ఎయిర్‌పోర్ట్ దగ్గరి హుల్హుమాలే దీవిలో గది తీసుకోవాలి, రిసార్ట్‌కి కట్టిన మొదటి రాత్రి డబ్బు మామూలుగా వెనక్కి రాదు. తిరుగు ప్రయాణంలోనూ ఇదే తంటా. మీ విమానం ఉదయం ఎనిమిది, తొమ్మిదికి ఉంటే ముందు రోజే దీవి వదలాలి. నాలుగు రాత్రుల్లో మిగిలేది రెండు! పైగా రానూపోనూ మనిషికి నాలుగైదు వందల డాలర్లు. సామాను 20 కిలోలు, చేతి సంచి 5 కిలోలు దాటితే అదనపు చార్జీ. ఎన్నింటికి ఎక్కాలో ముందు రోజు సాయంత్రం గాని చెప్పరు.

అందుకే నాలుగు రాత్రులకైతే ఉత్తర మాలే, దక్షిణ మాలే అటోల్‌లలో (అటోల్ అంటే ఉంగరంలా ఉండే పగడపు దీవుల గుంపు) స్పీడ్‌బోట్‌లో చేరే రిసార్ట్ తీసుకోమంటాను. చాలా చోట్ల రాత్రి దిగినా పడవ ఉంటుంది. దూరం వెళ్లక తప్పదనుకుంటే దేశీయ విమానం, ఆపై స్పీడ్‌బోట్ ఉన్న చోటు వెతకండి. బా అటోల్‌కి ధరవందూలో, దక్షిణ ఆరి వైపు మామిగిలిలో ఎయిర్‌పోర్ట్‌లున్నాయి. ఆగస్టు, సెప్టెంబరుల్లో హనిఫారు బే దగ్గర మాంటా రే చేపల గుంపులు చూడాలనుకుంటే బా వరకు వెళ్లడం న్యాయమే. అక్కడ గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీటిపై తేలి చూసే స్నార్కెలింగే, సిలిండర్‌తో లోతుకి దిగే స్కూబా కుదరదు.

ధరల దగ్గర నాకు నిజంగా కోపం వస్తుంది. గది 300 డాలర్లని చూపిస్తారు. దానికి 10 శాతం సర్వీస్ చార్జి, ఆ మొత్తం మీద 17 శాతం టీజీఎస్టీ (పర్యాటక పన్ను) కలిస్తే 386. గ్రీన్ ట్యాక్స్ రిసార్ట్‌లో మనిషికి రోజుకి 12 డాలర్లు, ఇద్దరికి 24. అంటే రాత్రికి 410! ఎయిర్‌పోర్ట్ నుంచి దీవికి రానూపోనూ ఖర్చు వేరే. మొత్తం ఎంతో రాతపూర్వకంగా తెప్పించుకోండి.

ఈత వచ్చినవాళ్లు అడగాల్సింది ఒక్కటే: ఒడ్డు నుంచి హౌస్ రీఫ్ (దీవిని ఆనుకున్న పగడపు దిబ్బ) అంచు ఎన్ని మీటర్లు? ముప్పై, నలభై అయితే రోజూ ఉచితంగా చేపలు చూడొచ్చు. చుట్టూ వెడల్పాటి లగూన్ (దిబ్బ లోపలి నిస్సారపు నీళ్లు) ఉంటే మోకాలి లోతు నీళ్లు, ఇసుకే. పసిపిల్లలకు అదే మేలు, కానీ పగడాలు చూడాలంటే ప్రతిసారీ పడవకి డబ్బు కట్టాలి. మే నుంచి అక్టోబరు దాకా నైరుతి గాలులకి పడమటి ఒడ్డు కోసుకుపోయి ఇసుక దీవికి అవతలి పక్కకు చేరుతుంది. సూర్యాస్తమయం కనబడుతుందని ఎక్కువ పెట్టి తీసుకున్న బీచ్ విల్లా ముందు బీచే ఉండకపోవచ్చు. ఏ నెలలో ఏ వైపు ఇసుక ఉంటుందో అడిగి గది తీసుకోండి.

బడ్జెట్ తక్కువైతే మాఫుషి, ధిగురా లాంటి జనం ఉండే దీవుల్లో గెస్ట్‌హౌస్‌లున్నాయి. అక్కడ మద్యం దొరకదు, ఈత దుస్తులు వాటికి కేటాయించిన బీచ్‌లోనే వేసుకోవాలి. శుక్రవారం సర్కారు ఫెర్రీలు సాధారణంగా తిరగవు, ఆ రోజు ప్రయాణం పెట్టుకోకండి.

ఇమూగా ఫారం (మాల్దీవుల్లోకి వచ్చేవాళ్లు, వెళ్లేవాళ్లు ఆన్‌లైన్‌లో ఇచ్చే ప్రయాణ వివరాలు) ప్రయాణానికి ముందు 96 గంటల లోపల నింపాలి. వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఇంకోసారి. ప్రభుత్వ సైట్‌లో అది పూర్తిగా ఉచితం, డబ్బు అడిగే సైట్ కనబడితే మూసేయండి.