టవర్ పడిన పొలం: పరిహారానికి గడువు మూడేళ్లే

ప్రశ్న: లాయర్ గారూ, నమస్కారం. మేము కూకట్‌పల్లిలో ఉంటాం. షాద్‌నగర్ దగ్గర నాన్న పేరున రెండెకరాల మామిడి తోట ఉంది. 220 కేవీ కరెంటు లైన్ కోసం 2023 జూలై 12న 34 చెట్లు కొట్టి, ఒక మూల టవర్ వేశారు. చెట్లకని చెక్కు ఇచ్చి ఏదో కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఆ దిగులుతోనే నాన్న నిరుడు పోయారు. తోట చూస్తే అమ్మ ఇప్పటికీ ఏడుస్తుంది. టెలిగ్రాఫ్ చట్టం రద్దయింది, టవర్ తీయించవచ్చు, కొత్త రూల్స్‌తో భూమి విలువకు రెట్టింపు వస్తుంది అని తెలిసినాయన అంటున్నాడు. నాన్న అప్పుడే అభ్యంతరం చెప్పినట్టు 2023 తేదీతో దరఖాస్తు తయారు చేసిస్తాడట. ఏం చేయాలి?

జవాబు: మీరు రాసినదాంట్లో కేసును తేల్చేది ఒక్క తేదీ: 2023 జూలై 12.

పరిహారం చాలలేదని జిల్లా జడ్జి దగ్గర పిటిషన్ వేసే హక్కు, కరెంటు లైన్లకూ వర్తించే టెలిగ్రాఫ్ చట్టం 16(3) సెక్షన్ ఇస్తుంది. అందులో గడువు రాసి లేదు కాబట్టి ఎప్పుడైనా వేయవచ్చని చాలామంది అనుకుంటారు. పొరపాటు. కేసు వేయడానికి గడువులు చెప్పే లిమిటేషన్ చట్టం 137వ ఆర్టికల్ ప్రకారం మూడేళ్లేనని సుప్రీంకోర్టు 1976లోనే కేరళ విద్యుత్ బోర్డు కేసులో చెప్పింది. చెట్లు కొట్టిన రోజు నుంచా, చెక్కు అందిన రోజు నుంచా అన్న వాదనకు చోటివ్వకండి. ముందు తేదీనే లెక్కలోకి తీసుకోండి. 2026 జూలై 11 లోపు మీ పిటిషన్ ఎల్బీ నగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టులో పడాలి. మధ్యలో మే నెల సెలవులున్నాయి. ఆఫీసులో ఫైలు కదులుతోందని ఎవరో నోటితో చెప్తే గడువు ఆగదు.

టవర్ తీయించడం మర్చిపోండి. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టాన్ని రద్దు చేయాలని 2023 టెలికమ్యూనికేషన్ల చట్టంలో రాసిన మాట నిజం. కానీ విద్యుత్ చట్టం 164వ సెక్షన్ కింద వేసే లైన్లకు పాత చట్టం మూడో భాగం (16(3) అందులోదే) కొనసాగుతుందని అదే కొత్త చట్టంలో రాశారు. టెలిగ్రాఫ్ తీగల కోసం రాసిన నిబంధనలతో ఈనాటి హైటెన్షన్ లైన్లు నడపడం రైతుకు అన్యాయమే అని నా అభిప్రాయం. అయినా ఉన్న చట్టం అది. రైతు ఒప్పుకోకపోయినా లైన్ వేయవచ్చు, పరిహారం మాత్రం పూర్తిగా ఇవ్వాలి.

రెట్టింపు మాట కూడా మీకు నేరుగా పనికిరాదు. టవర్ స్థలానికి భూమి విలువలో 200 శాతం, తీగల కింది కారిడార్‌కు 30 శాతం అన్న కేంద్ర మార్గదర్శకాలు 2024 జూన్ 14వి. మీ టవర్ అంతకు ముందుది. 2015 మార్గదర్శకాల్లో అవి 85 శాతం, గరిష్ఠంగా 15 శాతం. రాష్ట్రం లోపలి లైన్లకైతే రాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వు కూడా చూడాలి. అయితే జడ్జి ఈ అంకెల దగ్గరే ఆగనక్కర్లేదు. భూమి ఎక్కడుంది, తీగలు ఎంత మేర పోతున్నాయి, మిగిలిన భూమి వాడకం ఎంత దెబ్బతింది అన్నవి చూడాలని 2007లో లివిషా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీకు చెట్లకే డబ్బిచ్చారు. 220 కేవీ కారిడార్ వెడల్పు మామూలుగా 35 మీటర్లు. మీ పొలంలో లైన్ 80 మీటర్లు పోయిందనుకుంటే దాని కింద దాదాపు 28 గుంటలు. అసలు నష్టం అక్కడుంది, మీరు దాని గురించి అడగనే లేదు.

పాత తేదీ దరఖాస్తు జోలికి వెళ్లకండి. ఆఫీసు ఇన్‌వర్డ్ రిజిస్టర్‌లో నంబరు లేని కాగితం మొదటి వాయిదాలోనే బయటపడుతుంది. అప్పుడు ఫోర్జరీ కేసు మీ మీద పడుతుంది, నిజమైన నష్టాన్ని కూడా కోర్టు నమ్మదు. పైగా ఆ దరఖాస్తు లేకపోయినా పిటిషన్ వేయవచ్చు.

నాన్నగారు సంతకం పెట్టిన కాగితం నకలు ఇన్నాళ్లూ అడగకపోవడం మీ నిర్లక్ష్యం. అది ఉత్త రసీదైతే భయం లేదు. ‘పూర్తి పరిహారం ముట్టింది’ అని రాసి ఉంటే వాదన గట్టిగా కట్టుకోవాలి. రేపే ఆర్టీఐ దరఖాస్తు పెట్టి ఆ కాగితం, చెట్ల పంచనామా, లైన్ స్కెచ్ అడగండి. జవాబుకు 30 రోజులు పడుతుంది. ఈలోగా చెక్కు జమైన బ్యాంక్ స్టేట్‌మెంట్, పాస్‌బుక్, పాత పహాణీలు, ఫోన్‌లో ఉన్న ఫొటోలు తీసి పెట్టండి. 2023లో చుట్టుపక్కల జరిగిన అమ్మకాల సర్టిఫైడ్ కాపీలు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో తీసుకోండి. సర్వేయర్‌తో కారిడార్ కొలిపించండి. నాన్నగారు లేరు కాబట్టి అమ్మగారు, మీరు, తోబుట్టువులు ఉంటే వాళ్లూ వారసులుగా పిటిషన్‌లో చేరాలి. ఆర్టీఐ జవాబు ఆలస్యమైనా జూలై దాకా ఆగకండి. ఉన్న కాగితాలతో పిటిషన్ వేసి, మిగతావి అవతలివాళ్లు కోర్టుకు తేవాలని అందులోనే అడగండి.