రొయ్యలు పడనివారు వేయించిన కీచురాళ్ళు తినవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి వయసు 26 ఏళ్ళు. ఉద్యోగరీత్యా బ్యాంకాక్‌లో ఉంటున్నాడు. ఈమధ్య అక్కడి రాత్రి బజారులో స్నేహితులతో కలిసి వేయించిన కీచురాళ్ళు, పట్టుపురుగు ప్యూపాలు (గూటిలో ఉండే దశలోని పురుగులు) తిన్నాడట. కాసేపటికి పెదవులు, నాలుక దురద పెట్టాయని ఫోనులో చెప్పాడు. వాడికి చిన్నప్పటి నుంచి రొయ్యలు తింటే ఒంటినిండా దద్దుర్లు వస్తాయి. అసలు పురుగులు తినడం ఆరోగ్యానికి మంచిదేనా?
— ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: పురుగులు తినే అలవాటును చూసి మీరు భయపడనక్కరలేదు. ప్రపంచంలో సుమారు 200 కోట్ల మంది ఆహారంలో కీటకాలు భాగమని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2013లో అంచనా వేసింది. థాయ్‌లాండ్ ఈశాన్య ప్రాంతమైన ఈసాన్‌లో ఇవి పాతకాలం నుంచీ ఇంటి తిండి. ఇప్పుడక్కడ కీచురాళ్ళను కోళ్ళలాగే ఫారాల్లో పెంచుతున్నారు. తొలకరి వానలకు పుట్టల్లోంచి లేచే ఉసిళ్ళను పట్టి వేయించుకుని తినేవారు మన పల్లెల్లోనూ ఉన్నారు కాబట్టి, ఏవగించుకోవలసిన పనీ లేదు. పోషకాల విషయానికి వస్తే, ఎండబెట్టిన కీచురాళ్ళ బరువులో సగానికి పైగా ప్రోటీనే.

అయితే మీ అబ్బాయి సంగతి వేరు. రొయ్యలు, పీతలు, కీటకాలు జీవశాస్త్రపరంగా దగ్గరి బంధువులు. రొయ్యల అలర్జీకి ప్రధాన కారణమైన ట్రోపోమయోసిన్ అనే కండర ప్రోటీన్ కీచురాళ్ళలోనూ, మిడతల్లోనూ దాదాపు అదే రూపంలో ఉంటుంది గనుక, రొయ్యలు పడని శరీరం వీటిని కూడా శత్రువుగానే భావించే అవకాశం ఎక్కువ. ఈ ప్రోటీన్ వేడికి సులభంగా నశించదు. కరకరలాడేలా వేయించినా అలర్జీ ముప్పు తొలగిపోదు. యూరోపియన్ యూనియన్ 2021లో కీటకాలను ఆహారంగా అనుమతించడం మొదలుపెట్టినప్పుడు కూడా, రొయ్యల వంటివి పడనివారికి ఇవి అలర్జీ కలిగించవచ్చన్న హెచ్చరిక ప్యాకెట్‌పై ఉండాలని నిబంధన పెట్టింది. పట్టుపురుగు ప్యూపాలు తిని తీవ్రమైన అలర్జీకి గురైన కేసులు చైనాలో నమోదయ్యాయి.

పెదవుల దురదతోనే పోయింది కదా అని తేలికగా తీసుకోవద్దు. మొదటిసారి స్వల్పంగా వచ్చిన అలర్జీ తర్వాతిసారి కూడా అలాగే ఉంటుందన్న హామీ లేదు. కాబట్టి మీ అబ్బాయి కీటకాలను పూర్తిగా మానేయాలి. అవి వేగిన నూనెలోనే వేయించిన ఇతర తినుబండారాలనూ ముట్టుకోకూడదు. కీచురాళ్ళ పొడి కలిపిన బిస్కెట్లు, ప్రోటీన్ బార్లు కూడా దొరుకుతున్నాయి గనుక, ప్యాకెట్ మీద ఏముందో చదివే అలవాటు చేసుకోమనండి. అలర్జీ నిపుణుడిని కలిసి చర్మ పరీక్ష లేదా రక్త పరీక్ష చేయించుకుంటే, తీవ్రమైన అలర్జీ వచ్చినప్పుడు వెంటనే వేసుకునే అడ్రినలిన్ ఇంజెక్షన్ దగ్గర ఉంచుకోవాలో లేదో ఆయనే నిర్ణయిస్తారు. దద్దుర్లతో పాటు గొంతు బిగుసుకోవడం, ఆయాసం, కళ్ళు తిరగడం వంటివి ఏ కొంచెం కనిపించినా మాత్ర వేసుకుని కూర్చోకుండా, థాయ్‌లాండ్ అత్యవసర వైద్య సేవల నంబరు 1669కు వెంటనే ఫోన్ చేయాలి.

ఇక అలర్జీ లేని అతని స్నేహితులు తినవచ్చు, కానీ ఫారాల్లో పెంచి, అప్పటికప్పుడు వేయించినవే తినడం మంచిది. పొలాల్లో పట్టిన మిడతల మీద పురుగుమందుల అవశేషాలు ఉండవచ్చు. సరిగా నిల్వ చేయని పురుగుల్లో హిస్టమిన్ అనే, అలర్జీ లాంటి లక్షణాలు తెచ్చే రసాయనం పేరుకుంటుంది. అవి తింటే అలర్జీ లేనివారికి కూడా ముఖం ఎర్రబడి, తలనొప్పి, వాంతులు రావచ్చు.