ప్రోబ్ దించగానే వచ్చే డోపమైన్‌ను నమ్మొచ్చా?

ప్రశ్న: మెలకువగా ఉన్న ఎలుక మెదడులో, కదలికలను నియంత్రించే స్ట్రయేటం భాగంలో, మైక్రోడయాలిసిస్‌తో (కొనలో సన్న రంధ్రాల పొర ఉన్న ప్రోబ్ అనే గొట్టాన్ని దించి, అందులో ద్రవం నడిపి, చుట్టూ ఉన్న రసాయనాలను పట్టే పద్ధతి) డోపమైన్ అనే నాడీ రసాయనాన్ని కొలుస్తున్నాం. ప్రోబ్ దించిన గంటకే శాంపిళ్లు తీస్తే మొదట చాలా ఎక్కువ వచ్చి, మందు ఇచ్చాక దిగిపోతోంది. మందు డోపమైన్‌ను తగ్గిస్తోందని రాయవచ్చా?
– ఎం.ఫార్మ్ విద్యార్థిని, గుంటూరు

జవాబు: అప్పుడే రాయకండి. మందు బదులు సెలైన్ ఎక్కించినా గ్రాఫ్‌లో డోపమైన్ గీత దాదాపు అలాగే దిగేది. ప్రోబ్ దిగే దారిలో నాడీతంతువులు తెగి, వాటిలో నిల్వ ఉన్న డోపమైన్ బయటపడుతుంది. అది సర్దుకోవడానికి గంటలు పడుతుంది. ప్రోబ్‌కు దారి చూపే గొట్టాన్ని (గైడ్ కాన్యులా) ముందే అమర్చి, గాయం మానడానికి ఐదారు రోజులు ఆగండి. ప్రయోగానికి ముందు సాయంత్రం ప్రోబ్ దించి, రాత్రంతా ద్రవాన్ని నెమ్మదిగా నడపండి. పొద్దున వరసగా మూడు శాంపిళ్లు 10 శాతం తేడాలోపు వచ్చాకే మందు ఇవ్వండి. అలాగని ప్రోబ్‌ను రోజుల తరబడి ఉంచితే చుట్టూ గ్లియా కణాలు (నాడీకణాలకు ఆసరాగా ఉండేవి) పేరుకుని ప్రోబ్ పొరలోంచి వచ్చేది తగ్గిపోతుంది.

గీత నిలకడగా ఉన్నంత మాత్రాన ఆ డోపమైన్ నాడీకణాలు వదిలినదేనని అనుకోవద్దు. ఒక ఎలుకలో కాల్షియం లేని ద్రవం నడిపి చూడండి. నాడీకణాలు డోపమైన్ వదలడానికి కాల్షియం కావాలి కనుక, వాటి నుంచి వచ్చేదైతే బాగా పడిపోవాలి. పడకపోతే మీరు కొలుస్తున్నది గాయంలోంచి కారుతున్న డోపమైన్. ఈ ఒక్క పరీక్ష లేని ఫలితాన్ని మేమైతే నమ్మం. ఇది మీ ప్రోటోకాల్‌లో లేకపోతే ముందు జంతు నైతిక కమిటీ అనుమతి తీసుకోండి.

ద్రవంలో సోడియం క్లోరైడ్ 147, పొటాషియం క్లోరైడ్ 2.7, కాల్షియం క్లోరైడ్ 1.2, మెగ్నీషియం క్లోరైడ్ 0.85 మిల్లీమోలార్ ఉంటే చాలు. తూకంలో పొటాషియం ఎక్కువైతే నాడీకణాలు వాటంతటవే డోపమైన్ వదిలేస్తాయి. ద్రవాన్ని వడకట్టి, గాలి తీసేయండి. పొర దగ్గర ఇరుక్కున్న చిన్న బుడగ చాలు శాంపిల్ పాడవడానికి.

నిమిషానికి 1.5 మైక్రోలీటర్ల వేగంతో 20 నిమిషాలకు 30 మైక్రోలీటర్లు రావాలి. తక్కువైతే ఎక్కడో కారుతోందన్నమాట. 0.12 మిల్లీమీటర్ల లోపలి వ్యాసమున్న 50 సెంటీమీటర్ల గొట్టంలో సుమారు 6 మైక్రోలీటర్లు నిలుస్తాయి. అంటే వయల్లో (శాంపిల్ పట్టే చిన్న సీసాలో) పడుతున్నది 4 నిమిషాల కిందటి మెదడు ద్రవం. మందు ఇచ్చిన సమయాన్ని ఆ మేరకు సరిచేసుకోండి. డోపమైన్ గాలి తగిలితే ఆక్సీకరణం చెందుతుంది కనుక వయల్లో ముందే కొద్దిగా 0.1 మోలార్ పెర్‌క్లోరిక్ ఆమ్లం వేసి 4 డిగ్రీల వద్ద ఉంచండి.

మన ఎండాకాలంలో ఇంకో చిక్కు. ఏసీ ఆగి మళ్లీ అందుకున్నప్పుడల్లా హెచ్‌పీఎల్‌సీ (శాంపిల్‌లోని రసాయనాలను కాలమ్‌లో విడదీసి కొలిచే యంత్రం) ఎలక్ట్రోకెమికల్ డిటెక్టర్ బేస్‌లైన్ అలలా కదులుతుంది, డోపమైన్‌ను చూపే చిన్న పీక్ అందులో కలిసిపోతుంది. కాలమ్‌నూ డిటెక్టర్ సెల్‌నూ ఓవెన్‌లో పెట్టండి, ఏసీ గాలి నేరుగా తగలనివ్వకండి.

చివర్లో మెదడు కోతలు తీసి ప్రోబ్ జాడ చూడండి. స్ట్రయేటం దాటి దిగిన ఎలుకల లెక్కలు పక్కన పెట్టాల్సిందే.

ప్రశ్న: రక్తపరీక్షలో డోపమైన్ తక్కువని వచ్చింది. మెదడులోనూ తక్కువేనా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: అలా చెప్పలేం. డోపమైన్ రక్తం నుంచి మెదడుకు గానీ, మెదడు నుంచి రక్తానికి గానీ సులభంగా దాటదు. అందుకే పార్కిన్సన్స్‌కు డోపమైన్ కాకుండా, మెదడులోకి వెళ్లి డోపమైన్‌గా మారే లెవోడోపా ఇస్తారు. రక్తంలో కనిపించేది ఎక్కువగా శరీరంలోని నాడులు, అడ్రినల్ గ్రంథి, పేగుల నుంచి వచ్చేదే. చేతులు వణకడం, నడక మందగించడం ఉంటే ఆ లక్షణాలను న్యూరాలజిస్టుకు చూపించండి.